పిల్లవాడు పాడుతుంటే మనం పక్కవాద్యం

(ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులు, టీచర్ల సమావేశంలో ఒక మ్యూజిక్ థెరపిస్టు చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో పిల్లలున్నారు. మధ్యలో వాళ్ళు అరిచినా, లేచి తిరిగినా తల్లులెవరూ కంగారు పడొద్దు, బయటికి తీసుకెళ్ళొద్దు. ఇవాళ మనం మాట్లాడుకునేదే ఆ అరుపుల గురించి, ఆ తిరగడం గురించి.

మ్యూజిక్ థెరపీ అనగానే నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏ రాగం వినిపించాలండీ? ఏ పాట పెడితే మావాడు కుదురుగా కూర్చుంటాడు?" ఈ రోగానికి ఈ రాగం అని ఒక పట్టిక ఇస్తానని ఆశగా చూస్తారు. నా దగ్గర అలాంటి పట్టిక లేదు. ఉందని ఎవరైనా అంటే కాస్త అనుమానంగానే వినండి. మోజార్ట్ అనే పాశ్చాత్య స్వరకర్త సంగీతం వింటే తెలివి పెరుగుతుందని మీరూ వినే ఉంటారు కదా? దాని మూలం 1993లో వచ్చిన ఒక చిన్న పరిశోధన. అందులో పాల్గొన్నది కాలేజీ విద్యార్థులు. ఆ సంగీతం విన్నాక ఓ పది పదిహేను నిమిషాల పాటు, మడత పెట్టిన కాగితాన్ని కత్తిరించి విప్పితే ఎలా ఉంటుందో ఊహించే తరహా పరీక్షల్లో కాస్త మెరుగ్గా చేశారు. అంతే. అందులో చిన్నపిల్లలు లేరు, ఆటిజం లేదు, చికిత్స లేదు. దాన్ని పట్టుకుని ప్రపంచమంతా పసిపిల్లలకి సీడీలు అమ్మేసుకున్నారు.

నేను చెప్పబోయేది వినిపించే సంగీతం గురించి కాదు. అప్పటికప్పుడు, ఆ గదిలో, ఆ పిల్లవాడితో కలిసి పుట్టే సంగీతం గురించి. కచేరీ భాషలో చెప్పాలంటే మనోధర్మం.

కచేరీలో గాయకుడు రాగాలాపన చేస్తుంటే వయొలిన్ ఆయన ఏం చేస్తాడో గమనించారా? తర్వాత ఏ సంగతి రాబోతోందో ఆయనకి తెలియదు. చేతిలో కాగితం ఉండదు. గాయకుడి వెనకాలే అర క్షణం తేడాతో నీడలా వెళ్తుంటాడు. గాయకుడు ఊపిరి తీసుకోవడానికి ఆగితే, ఆ చివరి స్వరాన్ని పట్టుకుని నిలబెడతాడు. మా గదిలో గాయకుడు పిల్లవాడు. నేను పక్కవాద్యం. ఇవాళ్టి ప్రసంగంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఫరవాలేదు, ఇది గుర్తుంటే చాలు.

"మరి మావాడు పాడడు కదండీ, అసలు మాటే లేదు" అంటారు. నిజమే. కానీ ఊగుతాడు కదా? టేబుల్ మీద తడతాడు కదా? "ఈఈఈ" అని ఒకే శబ్దం గంటసేపు చేస్తాడు కదా? ఆ ఊగడానికి ఒక కాలప్రమాణం ఉంది. ఆ "ఈఈఈ"కి ఒక శ్రుతి ఉంది. చివరికి ఏడుపుకీ ఒక శ్రుతి ఉంది.

ఏడుపు అన్నాను కాబట్టి ఈ పద్ధతి ఎక్కడ మొదలైందో చెప్పాలి. పాల్ నార్డాఫ్ అని అమెరికాలో ఒక స్వరకర్త, పియానో విద్వాంసుడు. క్లైవ్ రాబిన్స్ అని ఇంగ్లండులో ఒక స్పెషల్ ఎడ్యుకేటర్. ఇంగ్లండులోని సన్‌ఫీల్డ్ అనే పిల్లల సంస్థలో ఈ ఇద్దరూ 1959లో కలిసి పని మొదలుపెట్టారు. ఒకాయన పియానో దగ్గర కూర్చునేవాడు, రెండో ఆయన పిల్లవాడి పక్కన ఉండేవాడు. సెషన్లు టేపు మీద రికార్డు చేసి, తర్వాత ఇద్దరూ కూర్చుని మళ్ళీ మళ్ళీ వినేవారు. ఏ నిమిషంలో పిల్లవాడు ఏం చేశాడు, పియానో ఏం చేసింది, రాసుకునేవారు. మనోధర్మం అంటే తోచింది వాయించెయ్యడం అనుకునేవాళ్ళకి ఈ ముక్క చెప్పండి. వాయించే అరగంట వెనక వినే గంటలు చాలా ఉంటాయి.

కొన్నేళ్ళ తర్వాత, అమెరికాలో పనిచేస్తున్నప్పుడు, వాళ్ళ దగ్గరికి ఐదున్నరేళ్ళ అబ్బాయి ఒకడు వచ్చాడు. వచ్చీ రాగానే గుక్కపట్టి ఏడుపు. మనమైతే ఏం చేస్తాం? "ఊరుకో నాన్నా, ఊరుకో" అంటాం. ఏదో మెత్తటి పాట పెడతాం. నార్డాఫ్ ఊరుకోబెట్టలేదు. ఆ ఏడుపు ఏ స్వరంలో ఉందో ఆ స్వరాన్నే పియానో మీద పట్టుకున్నాడు. అది ఎంత గట్టిగా ఉంటే అంత గట్టిగా వాయించాడు, తనూ గొంతు కలిపాడు. మెల్లగా ఆ ఏడుపు పియానో స్వరాల వైపు ఒరగడం మొదలైంది. ఏడుస్తూనే, ఆ ఏడుపులోనే, పాటకి బదులు చెబుతున్నట్టుగా మారింది. మ్యూజిక్ థెరపీ నేర్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఆ సెషన్ గురించి వాదించుకుంటూనే ఉంటారు. ఏడుస్తున్న పిల్లవాడితో అలా వాయించడం తగునా, తగదా అని కూడా. ఆ వాదన ఉండాల్సిందే. నా మటుకు నాకు అందులో పెద్ద సంగతేమిటంటే, ఆ ఏడుపుని ఆపాల్సిన రొదగా చూడకుండా, వినాల్సిన మాటగా ఒకాయన విన్నాడు.

అదే కాలంలో జూలియట్ ఆల్విన్ అనే చెల్లో విద్వాంసురాలు 1958లో బ్రిటన్‌లో మ్యూజిక్ థెరపీ కోసం ఒక సంఘం పెట్టారు. ఆవిడది ఇంకా స్వేచ్ఛ. నియమం ఏదైనా కావాలంటే పిల్లలే పెట్టుకుంటారు అనే ధోరణి. నేను అంత దూరం వెళ్ళను. కొందరు పిల్లలకి పూర్తి స్వేచ్ఛే పెద్ద టెన్షన్. అందుకే వచ్చేటప్పుడు ఒక పలకరింపు పాట, వెళ్ళేటప్పుడు ఒక వీడ్కోలు పాట, ఈ రెండూ మార్చం. మధ్యలోదంతా వాళ్ళది.

సరే, ఆ మధ్యలో ఏం జరుగుతుంది? ఒక సెషన్ చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు, చాలామందిలో చూసినవి కలిపి చెబుతున్నాను. ఆరేళ్ళ బాబు అనుకోండి. ఆటిజం ఉంది, మాటలు లేవు. గదిలోకి రాగానే గోడ వెంబడి నడక మొదలుపెడతాడు. నాలుగడుగులు వేస్తాడు, అరచేత్తో గోడ మీద ఒక దెబ్బ. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ దెబ్బ. నావైపు చూడడు, కీబోర్డు వైపు చూడడు. ఇప్పుడు నేనేం చెయ్యాలి? "రా నాన్నా, కూర్చో, డ్రమ్ము కొట్టు" అనాలా? ఆ బాబు పొద్దున లేచిన దగ్గర్నుంచి వింటున్నది అదేగా? కూర్చో, ఇటు చూడు, చెయ్యి తియ్యి, నోట్లో పెట్టుకోకు.

నేను ఆ అడుగులు వింటాను. ఎడమ చేత్తో రెండే స్వరాలు, స, ప, స, ప. అడుగుకొక స్వరం. చెయ్యి గోడ మీద పడ్డప్పుడు కుడి చేత్తో పై షడ్జం, అంటే పై "స", ఒక్కటి, గట్టిగా. అంతకంటే ఏమీ లేదు. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇది చాలా కష్టం, ఎందుకంటే వేళ్ళు ఊరుకోవు. వాడు వేగం పెంచితే నేనూ పెంచుతాను. ఆగితే ఆగుతాను. కాసేపటికి వాడికి అనుమానం వస్తుంది, "నేను ఆగితే అదీ ఆగుతోందేంటి?" అని. అప్పుడు కావాలని ఆగుతాడు. నేనూ ఆగుతాను. రెండడుగులు వేసి ఠక్కున ఆగుతాడు. నేనూ ఠక్కున. చాలామంది పిల్లలు సరిగ్గా అప్పుడే తల తిప్పి చూస్తారు.

ఆ చూపు నేను అడిగింది కాదు. "నా కళ్ళలోకి చూడు, చూస్తే బిస్కెట్ ఇస్తా" అని తెప్పించింది అంతకన్నా కాదు. తను చేసిన పనికి ఇంకో మనిషిలో బదులు వస్తోందని తెలిసి, ఆ మనిషెవరో చూద్దామని చూసిన చూపు. రికార్డు చేసిన పాట ఎంత గొప్పదైనా ఈ పని చెయ్యగలదా? పిల్లవాడు ఆగితే పాట ఆగదు కదా.

ఇక్కడో చిక్కుంది. టీచర్లు ముఖ్యంగా వినండి. వాడు చేసిందే నేనూ చేస్తూ పోతే ఏమవుతుంది? కొన్ని రోజులు బాగుంటుంది. తర్వాత ఇద్దరం కలిసి గోడ కొడుతూ ఉంటాం, అంతే! వాడి తట్టుడు ఒకే చోట తిరుగుతుంటే, నా వాయిద్యం దాన్ని ఇంకా గట్టిపరుస్తుంది. అంచేత అనుసరించడం ఒక్కటే సరిపోదు. అనుసరిస్తూ అనుసరిస్తూ చిన్న తేడా పెట్టాలి.

టోనీ విగ్రామ్ అని బ్రిటిష్ థెరపిస్టు ఒకాయన, డెన్మార్క్‌లో ప్రొఫెసర్‌గా చేశారు, ఈ మెళకువలన్నిటికీ వివరంగా పాఠాలు రాశారు. పిల్లవాడు చేసినది చేసినట్టు చెయ్యడం ఒకటి, దాన్ని మిర్రరింగ్ అంటారు. దాని కాలం, బరువు, తీరు పట్టుకుని మన సొంత సంగీతం వాయించడం ఇంకొకటి, అది మ్యాచింగ్. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదటిదానికే అలవాటు పడిపోతారు, అది తేలిక కాబట్టి. అసలు పని రెండోదానిలో ఉంది.

ఇది తల్లులకి ఎవరూ నేర్పక్కర్లేదు, మీకు తెలుసు. డేనియల్ స్టెర్న్ అనే మనోవైద్యుడు తల్లుల్నీ పసిపిల్లల్నీ గమనించి 1985లో రాశాడు. పసివాడు చేతిని పైకీ కిందకీ ఆడిస్తాడు. తల్లి తన చెయ్యి ఆడించదు. అదే ఊపులో "ఊఁ... ఊఁ... ఊఁ" అని గొంతుతో అంటుంది. చేతిలోని ఊపు గొంతులోకి వచ్చింది! చేసిన పని వేరు, లోపలి ఊపు ఒకటే. "నువ్వు చేసింది చూశాను" అనడానికీ "నీకెలా ఉందో నాకు తెలిసింది" అనడానికీ ఉన్నంత తేడా. మీలో ఎంతమంది ఇలా చేసి ఉంటారు? అందరూ చేసే ఉంటారు. మన పిల్లల్లో కొందరు ఆ వయసులో తిరిగి బదులివ్వకపోయేసరికి మనం మెల్లగా మానేశాం. మీ తప్పేం లేదు, బదులు రాని పలకరింపు ఎవరైనా ఎన్నాళ్ళు చేస్తారు? మానేసినదాన్ని సంగీతంతో మళ్ళీ మొదలుపెడుతున్నాం.

తేడా ఎలా పెట్టాలి అంటారా? గోడ కొట్టే బాబు దగ్గరికే వద్దాం. కొన్నాళ్ళకి వాడికి నా స, ప అలవాటైపోయాయి. అప్పుడు ఒకరోజు, స రి గ మ ప ద ని... అని పైకి వెళ్ళి, నిషాదం దగ్గర ఆగిపోతాను. ఇప్పుడు మీరే చూడండి, నేను ఆగాను, మీకెలా ఉంది? ఉండబట్టట్లేదు కదా? పై "స" అందామని గొంతు దాకా వచ్చింది కదా? ఆ బాబుకీ అంతే. గోడ దగ్గరికి పరిగెత్తి ఒక దెబ్బ వేస్తాడు. లేదా "ఆ!" అంటాడు. ఆ "ఆ" షడ్జంలో ఉందా లేదా అని నేను చూడను. ఖాళీ వాడిది, వాడే నింపాడు. మాటలాడుకోవడంలో వంతు తీసుకోవడం అంటే ఇదే కదా? స్పీచ్ థెరపిస్టులు ఇక్కడ తల ఊపుతున్నారు, చూశాను.

ఆగడం గురించి ఇంకొంచెం చెప్పాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాప ఉందనుకోండి. డ్రమ్ము కొట్టాలని తనకి ఉంది. మనసు చెప్పిన వెంటనే చెయ్యి లేవదు. లేచినా దారి తప్పుతుంది, మళ్ళీ వెనక్కి వస్తుంది, అప్పుడు పడుతుంది. సినిమా పాట పెట్టి "తాళం వెయ్యి తల్లీ" అంటే, పాప చెయ్యి పడేసరికి పాట చరణంలోకి వెళ్ళిపోయి ఉంటుంది. ప్రతిసారీ తనే ఆలస్యం. ప్రతిసారీ తనే తప్పు. మనోధర్మంలో ఏం చెయ్యొచ్చంటే, చెయ్యి లేవడం మొదలవగానే నేను కింది స్వరాల్లో మెల్లగా పేరుస్తూ పోతాను. చెయ్యి తిరుగుతోంది, నేనూ తిరుగుతున్నాను, ఎక్కడా సమం, అంటే తాళం మొదలయ్యే దెబ్బ, పెట్టను. చెయ్యి డ్రమ్ము మీద పడిందా, అదే సమం! రెండు చేతులతో పెద్ద స్వరగుచ్ఛం వేస్తాను. ఆ పాప ముఖం మీరు చూడాలి. ఆలస్యమన్నదే లేదక్కడ. తను వచ్చినప్పుడే తాళం వచ్చింది.

దీనికి ఎదురుగా ఇంకో పద్ధతి కూడా ఉందని చెప్పకపోతే అన్యాయం. మైఖేల్ థౌట్ అనే పరిశోధకుడి బృందం పెంచిన రిథమిక్ ఆడిటరీ స్టిములేషన్ అని, నడక సాధన కోసం. అందులో తాళం కచ్చితంగా ఉండాలి, దానికి కాళ్ళు సర్దుకుంటాయి. అది కూడా పనికొచ్చేదే. ఫిజియోథెరపీలో అడుగు సరిచెయ్యడానికి అది, పిల్లవాడితో సంభాషణకి ఇది. రెండూ కలిపెయ్యకండి.

వాద్యాల గురించి త్వరగా చెప్పేస్తాను. ఖరీదైనవి అక్కర్లేదు, కానీ మంచి నాదం ఉండాలి. బొమ్మల దుకాణపు రేకు డబ్బా వద్దు, పిల్లవాడికి అది శబ్దమే తప్ప స్వరం కాదు. జైలోఫోన్ మీద మ, ని పలకలు తీసేస్తాం. మిగిలేవి స రి గ ప ద, మన మోహన రాగం. అర స్వరం తేడాతో పక్కపక్కన ఏవీ లేవు కాబట్టి ఎక్కడ కొట్టినా, ఎన్ని కలిపి కొట్టినా కీచుమనదు. తప్పు స్వరం అనేదే లేని వాద్యం పిల్లవాడి చేతికి ఇస్తున్నామన్నమాట. వినికిడి తక్కువున్న పిల్లలకి పెద్ద డ్రమ్ము, దాని చర్మం మీద అరచెయ్యి ఆన్చి ఉంచుకునేలా. చేతులు బాగా కదలని పిల్లలకి సౌండ్‌బీమ్ లాంటివి ఉన్నాయి, గాలిలో కొద్దిగా కదిలినా స్వరం పలుకుతుంది.

చెవులు మూసుకునే పిల్లల సంగతి? ఇది ప్రతిచోటా వచ్చే ప్రశ్న. చెవులు మూసుకున్నాడంటే నాకు సమాచారం ఇచ్చాడని అర్థం. తగ్గిస్తాను. సింబల్, అంటే ఆ పెద్ద ఇత్తడి తాళం, తీసేస్తాను. గిటారు మీద ఒక్క తీగ. అప్పటికీ మూసుకుంటే ఆపేస్తాను. "అలవాటైపోతుందిలే" అని కొనసాగించేవాళ్ళని నేను ఒప్పుకోను. ఎవరైనా మీ ఎదుటే అలా చేస్తే పిల్లవాణ్ణి తీసుకుని వచ్చెయ్యండి.

ఇప్పుడు కష్టమైన విషయం. ఇదంతా పనిచేస్తుందా? ఉన్నదున్నట్టు చెబుతాను. 2008లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో, ఆటిజం ఉన్న చిన్నపిల్లలు బొమ్మలతో ఆడే సెషన్లలో కంటే ఇలాంటి సంగీతం సెషన్లలో ఎక్కువగా కళ్ళు కలిపారు, వంతులు తీసుకున్నారు. మాకందరికీ సంతోషమేసింది. తర్వాత పెద్దది చేశారు, టైమ్-ఎ అంటారు. 9 దేశాల్లో, 4 నుంచి 7 ఏళ్ళ మధ్య ఉన్న 364 మంది పిల్లలు. సగం మందికి మామూలు వైద్యం, తల్లిదండ్రులకు సలహాలు. మిగతా సగం మందికి వాటితో పాటు ఐదు నెలలు ఈ మనోధర్మ సంగీత చికిత్స. 2017లో ఫలితాలు వచ్చాయి. ఆటిజం లక్షణాల స్కోరులో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

మా వాళ్ళలో కొందరు దానికి చాలా సాకులు చెప్పారు. లక్షణాలు కొలిచిన స్కేలు సరైంది కాదని, కాలం చాలలేదని. కొన్నిట్లో నిజం ఉంది కూడా. అయినా, గదిలో కనిపించే మార్పు గది బయట కనిపిస్తోందా అని అడగడం న్యాయమైన ప్రశ్నే. మనం దానికి జవాబు వెతకాలి గానీ కోపం తెచ్చుకోకూడదు. 2022లో, వైద్య పరిశోధనల్ని సమీక్షించే కాక్రేన్ సంస్థ 26 పరిశోధనలు, 1165 మంది పిల్లలూ పెద్దలూ, అన్నీ కలిపి చూసింది. మొత్తమ్మీద మెరుగుదల, జీవన నాణ్యత, లక్షణాల తీవ్రత, వీటిలో చికిత్స ముగిసేసరికి లాభం ఉండవచ్చని చెప్పింది. మాటలు రావడం విషయంలో స్పష్టమైన తేడా ఉందని చెప్పలేదు.

కాబట్టి నేను మీకు చెప్పేదేంటంటే, స్పీచ్ థెరపీ మానేసి దీనికి రావొద్దు. ఆక్యుపేషనల్ థెరపీ మానొద్దు. "ఎన్ని నెలల్లో మాటలొస్తాయి?" అని నన్ను అడగొద్దు, నేను చెప్పలేను, చెప్పగలనన్నవాళ్ళు ఎందుకు చెబుతున్నారో ఆలోచించండి. ఇంకొకరితో కలిసి ఉండటం బాగుంటుందని తెలియడం, తన వంతు కోసం ఆగడం, తను చేసినదానికి బదులు వస్తుందని నమ్మడం, ఇవి నేను పని చేసే చోట్లు.

ఇంట్లో ఏం చెయ్యొచ్చు? సంగీతం రాదంటారా, రాకపోతే మరీ మంచిది! రోజూ ఓ ఐదు నిమిషాలు. టీవీ కట్టేసి, ఫోను పక్క గదిలో పెట్టి, కింద కూర్చోండి. వాడు ఏం చేస్తే దాన్ని వినండి. చెంచాతో నేల మీద కొడుతుంటే, మీరు పక్కన అదే నడకలో "లా లా" అనండి. ఆగితే ఆగండి. మళ్ళీ మొదలుపెట్టే దాకా ఆగండి. ఈ రెండో ఆగడమే తల్లిదండ్రులకి చాలా కష్టం, మూడు క్షణాలు గడిచేసరికి "ఏదీ, మళ్ళీ కొట్టు, కొట్టు" అనేస్తాం. అనొద్దు. ఇంకో మాట, ఆ ఐదు నిమిషాల్లో వీడియో తియ్యొద్దు. చుట్టాలొచ్చినప్పుడు "నిన్న చేశావుగా, ఆంటీకి చేసి చూపించు" అనొద్దు. అనగానే అది పరీక్ష అయిపోతుంది.

ఆఖరుగా, ఇందాక ఒకావిడ చీటీ పంపారు. "మంచి థెరపిస్టుని ఎలా గుర్తుపట్టాలి?" అని. మొదట, మ్యూజిక్ థెరపీలో శిక్షణ ఎక్కడ పొందారో అడగండి. బాగా పాడతారు అన్నది జవాబు కాదు. రెండోది, మా పిల్లవాడి విషయంలో ఈ మూడు నెలల్లో ఏం సాధించాలని అనుకుంటున్నారు, దాన్ని ఎలా రాసి పెడతారు అని అడగండి. రాసిపెట్టే అలవాటు లేకపోతే మనోధర్మం పేరుతో కాలక్షేపం జరిగే అవకాశం ఉంది. మూడోది నేనైతే తప్పకుండా అడుగుతాను. "మావాడు అరగంటసేపు ఏమీ చెయ్యకుండా కిటికీ దగ్గరే నిలబడితే మీరేం చేస్తారు?" అని. "ఎలాగైనా వాయించేలా చేస్తాం" అన్నారంటే ఇంకొకర్ని వెతుక్కోండి. "కిటికీ లోంచి ఏం చూస్తున్నాడో చూస్తాను" అన్నారంటే ఫీజు సంగతి మాట్లాడుకోవచ్చు. ఇంకా ప్రశ్నలుంటే అడగండి, వెనక వరుస వాళ్ళకి మైకు ఇస్తారా?